అందరికీ ఫైవ్ నైన్

ఊళ్ళో ఆయన్ని పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేశారు. అందరికీ ఆయన కంట్రోల్. కాలిపోయిన మోటార్లకు మళ్ళీ రాగి తీగ చుట్టే షాపు ఆయనది. ఆ బిరుదు మాత్రం షాపు వల్ల కాదు, రేడియో వల్ల వచ్చింది. ఆదివారం ఉదయం ఊరి రేడియో క్లబ్బు సభ్యులందరూ ఎవరిళ్ళలో వాళ్ళు సెట్ల ముందు కూర్చుని ఒకే ఫ్రీక్వెన్సీ మీద కలుసుకుంటారు. దాన్ని నెట్ అంటారు. అందరూ ఒకేసారి నోరు తెరిస్తే ఎవరి మాటా ఎవరికీ దక్కదు గనక, ఎవరి తరవాత ఎవరు మాట్లాడాలో చెప్పే స్టేషను ఒకటుండాలి. అదే కంట్రోల్. ఆయన పిలిచినవాడే మాట్లాడాలి, పిలవనివాడు నోరు కట్టుకుని వినాలి.

"చక్కెర మీద కంట్రోల్ లేదు, నిద్ర మీద కంట్రోల్ లేదు, గాలి మీద మాత్రం ఉందిట" అనేది ఆయన భార్య. అనేదే గాని ఆమెకూ లోపల గర్వమే. వంటింటి కిటికీలో ఒక చిన్న రిసీవరు పెట్టుకుని, ఆదివారం కూరలు తరుగుతూ నెట్ మొత్తం వినేది. ఆ బుల్లి పెట్టెకు దగ్గర స్టేషన్లే అందేవి. ఎవరు అందినా అందకపోయినా మొగుడి గొంతు మాత్రం గణగణ వినిపించేది.

ఆయన నెట్ నడిపితే అందరికీ ఇష్టం. ఎందుకిష్టమో చెబితే నవ్వొస్తుంది. రేడియోలో మాట్లాడిన ప్రతివాడికీ ముందు తెలుసుకోవాలనుండేది ఒక్కటే, నా గొంతు అవతలికి ఎలా చేరిందని. దానికి మార్కులున్నాయి. మాట ఎంత స్పష్టంగా ఉందో చెప్పడానికి అయిదు దాకా, సిగ్నల్ ఎంత బలంగా ఉందో చెప్పడానికి తొమ్మిది దాకా. ఫైవ్ నైన్ అన్నారంటే ఇక వంక పెట్టడానికేమీ లేదని అర్థం. కంట్రోల్ దగ్గర అందరికీ ఫైవ్ నైనే. గొంతు బావి అడుగు నుంచి వచ్చినా ఫైవ్ నైనే, సగం మాటలు గాలికి పోయినా ఫైవ్ నైనే. ఈయన గనక బడిపంతులై ఉంటే ఊళ్ళో తప్పినవాడే ఉండేవాడు కాదని క్లబ్బులో నవ్వుకునేవాళ్ళు.

దానికి ఆయన వాదం ఆయనకుంది. ఎండలో మేడెక్కి, చేతులు కోసుకుని యాంటెన్నా కట్టుకున్న మనిషిని పట్టుకుని, నీ మాట ఒక్కటీ అర్థం కాలేదయ్యా అని ఎలా అంటాం? యథార్థవాది లోకవిరోధి అని పెద్దలు ఊరికే అనలేదు. ఎవరైనా అడిగితే ఈ సామెత చెప్పి, మీసం సర్దుకునేవాడు. లోకవిరోధి కావడం ఆయనకు సుతరామూ ఇష్టం లేదు.

నెట్‌లో పంప్‌హౌస్ అనే స్టేషను ఆయన బావమరిదిది. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. ఊరికి దిగువన, నది గట్టు కింద, నీళ్ళ సరఫరావాళ్ళ పంప్‌హౌస్‌లో ఆపరేటరు. మొగుడూ పెళ్ళామూ అక్కడే క్వార్టర్లో ఉంటారు. గట్టెక్కి నిలబడితే గాని అక్కడ ఫోను పలకదు. కంట్రోల్ కొత్త సెట్టు కొనుక్కున్నప్పుడు పాతది ఆ కుర్రాడికిచ్చాడు. కుర్రాడంటే నలభై దాటిన మనిషే, అక్క పెంచిన తమ్ముడు ఎన్నేళ్ళొచ్చినా ఆ ఇంట్లో కుర్రాడే.

ఇచ్చేటప్పుడే ఆయనకు తెలుసు, ఆ సెట్టులో పంపే భాగం ముప్పాతిక చచ్చిందని. అందరి మాటలూ చక్కగా వినిపిస్తుంది, మన మాట మాత్రం గడప దాటించదు. బాగు చేసి ఇద్దామనుకున్నాడు. ఒకసారి విడిభాగం దొరకలేదు, ఒకసారి తీరిక దొరకలేదు. ఇంతలో బావమరిది రానే వచ్చాడు. సెట్టును రెండు చేతులా అందుకుని, "ఇంత మంచి సెట్టు నాకిస్తున్నావా బావా" అన్నాడు. వెనక భార్య తలుపుకానుకుని మురిసిపోతూ చూస్తోంది. ఆ ముచ్చటలో నిజం చెప్పడానికి నోరు రాలేదు. దానమిచ్చిన ఆవుకు పళ్ళు లెక్కపెట్టకూడదని పుచ్చుకునేవాడికి చెబుతారు. పళ్ళు లేవని తెలిసీ ఇచ్చినవాణ్ణి ఏమనాలో ఏ సామెతా చెప్పదు.

మొదటి ఆదివారం పంప్‌హౌస్‌ను పిలిస్తే అవతల నుంచి ఖర్రుమంది. మధ్యలో గొంతులాంటిదేదో తేలి, మళ్ళీ ఖర్రులో మునిగింది. ఒక్క మాట అర్థమైతే ఒట్టు. వినిపించలేదంటే, ఎందుకు వినిపించలేదో చెప్పాలి. ఆయన మైకు బొత్తాం నొక్కి, "పంప్‌హౌస్, ఫైవ్ నైన్, బ్రహ్మాండం" అన్నాడు. ఆ సాయంత్రమే బావమరిది గట్టెక్కి అక్కకు ఫోను చేసి, "బావకి నా గొంతు బ్రహ్మాండంగా వినిపించిందటక్కా" అని సంబరపడ్డాడు.

ఒకసారన్నాక రెండోసారి అనక తప్పదు. వారం వారం అదే తంతు. ఖర్రు ఆగాక ఆయన "అలాగే", "సంతోషం", "తప్పకుండా" అని మూడు మాటల్ని తిప్పి తిప్పి వాడేవాడు. ఖర్రు చివర కాస్త పైకి లేస్తే హాస్యమాడాడు కాబోలనుకుని నవ్వేవాడు కూడా. భార్య వంటింట్లోంచి కేకేసి "వాడేమంటున్నాడండీ" అనడిగితే, "ఏముంది, మామూలే" అనేవాడు. మిగతా స్టేషన్లకూ ఆ గొంతు అందేది కాదు. కంట్రోల్ యాంటెన్నా ఊళ్ళో అన్నిటికంటే ఎత్తు, ఆయనకు వినిపిస్తోందటగా, కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకున్నారు.

ఈ ఏడు బడులు తెరిచాక కొండ మీది బడికి కొత్త టీచరొచ్చింది. వస్తూనే బడి మేడ మీద యాంటెన్నా ఎత్తి నెట్‌లో చేరింది. కొండ మీద నుంచి నది గట్టు అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది, అందుకని ఆవిడకు పంప్‌హౌస్ గొంతు, నీరసంగానే అయినా, మాట మాటా తెలిసేది. ఒకనాడు నెట్ అయ్యాక ఆయనకు ఫోను చేసింది.

"సార్, పంప్‌హౌస్ ఆయన ఇవాళ మిమ్మల్నొకటి అడిగారు. సెట్టుని ఒకసారి షాపుకి తెమ్మంటారా, వేడెక్కిపోతోంది అని. మీరు సంతోషం అనేసి ముందుకెళ్ళిపోయారు."

ఆయనకు తేలు కుట్టిన దొంగ పరిస్థితి. అరవనూ లేడు, ఊరుకోనూ లేడు. "అది మా ఇంటి వ్యవహారమమ్మా" అన్నాడు. "మేం విడిగా మాట్లాడుకుంటాంలే. ఇంకొకరి సిగ్నల్ గురించి వ్యాఖ్యానాలు చెయ్యడం నెట్ మర్యాద కాదు."

"సరే సార్" అంది టీచరు. మర్యాద ఎవరికి తక్కువైందో ఆమెకు తెలియదు, ఆయనకు తెలుసు. ఫోను పెట్టేశాక ఆయన మళ్ళీ తీగ చుట్టే మర ముందు కూర్చున్నాడు. వచ్చే వారం ఎలాగైనా సెట్టు తెప్పించి బాగు చేయాలనుకున్నాడు. వచ్చే వారం అనేది ఆయన దగ్గర ఎప్పుడూ దండిగానే ఉండేది.

ఆ వారం రాకముందే నది వచ్చింది.

ఎగువన మూడు రోజులు కురిసిన వానంతా ఒక్క ఉదయం ఊరి మీదికి దిగింది. కరెంటు పోయింది, వెనకే ఫోన్లూ పోయాయి. మునిసిపల్ ఆఫీసు మేడ మీది మీటింగు గదిలో కంట్రోల్ తన సెట్టు, రెండు కారు బ్యాటరీలు పెట్టుకుని కూర్చున్నాడు. యాంటెన్నా తీగ కిటికీలోంచి లోపలికొస్తే, దాని వెంటే వాన నీళ్ళూ వచ్చి బల్ల కింద మడుగు కట్టాయి. గోడకు ఊరి పటం. పటం ముందు తడి బూట్లతో, నిద్ర లేని కళ్ళతో మునిసిపల్ ఇంజినీరు. ఇలాంటి రోజు కోసమే నెట్ ఉన్నదని కంట్రోల్ ఏళ్ళ తరబడి అందరికీ చెబుతూ వచ్చాడు. ఆ రోజు వచ్చినందుకు ఆయనకు భయంతోపాటు, చెప్పుకోకూడదు గాని, కాస్త సంతోషంగా కూడా ఉంది.

"పంప్‌హౌస్ దగ్గర రెండు గేట్లున్నాయి" అన్నాడు ఇంజినీరు పటం మీద వేలు పెట్టి. "నది పెరిగే కొద్దీ వాటిని చేత్తో కొంచెం కొంచెంగా ఎత్తుతూ ఉండాలి. ఒక్కసారి ఎత్తితే దిగువ కాలనీ మునుగుతుంది, ఎత్తకపోతే గట్టు తెగుతుంది. అక్కడ మనిషి ఉండాల్సిందే. ఆ మనిషితో మనకు మాట నడుస్తూ ఉండాలి. మీ రేడియో నమ్మకమేనా?"

"అక్కడున్నది మా బావమరిదే సార్."

"ఎవరన్నది కాదండీ. వినిపిస్తుందా లేదా? నమ్మకం లేకపోతే ఇప్పుడే చెప్పండి. ఫైర్ వాళ్ళ బండి ఒకటి అక్కడే నిలబెడతాను, వాళ్ళ సెట్టు వాళ్ళకుంది. నమ్మకమైతే ఆ బండిని ఆసుపత్రికి పంపిస్తాను, అక్కడ రోగుల్ని పై అంతస్తుకు ఎక్కించాలి."

చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. వినిపించదు సార్ అంటే రెండు మాటలతో అయిపోయేది. కానీ గదిలో క్లబ్బు సెక్రటరీ ఉన్నాడు, మునిసిపల్ గుమాస్తాలున్నారు, మెట్ల మీద ఎవరెవరో ఉన్నారు. వినిపించకపోతే మరి వారం వారం ఫైవ్ నైన్ అన్నారుగా అని ఒక్కడైనా అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నకు భయపడ్డాడు ఆ పెద్దమనిషి.

"ఫైవ్ నైన్ సార్" అన్నాడు. "వారం వారం వింటూనే ఉన్నాం కదా."

ఇంజినీరు తలూపి బండిని ఆసుపత్రికి పంపించేశాడు.

నెట్ మొదలైంది. కంట్రోల్ ఒక్కో స్టేషన్నూ పిలిచాడు. వంతెన దగ్గర నుంచి రిటైరైన బస్సు డ్రైవరు నీటి మట్టం చెప్పాడు. ఆసుపత్రి నుంచి కాంపౌండరు బండి చేరిందన్నాడు. పంప్‌హౌస్‌ను పిలిస్తే ఎప్పటిలాగే ఖర్రుమంది. ఎప్పటిలాగే ఆయన "ఫైవ్ నైన్, సంతోషం, కానివ్వు" అన్నాడు. ఇంజినీరు అటు తిరిగి చూస్తే, "మామూలుగానే ఉందట సార్, గేట్లు చూసుకుంటున్నాడు" అని చెప్పాడు. ఆ మాట ఎంత సాఫీగా వచ్చిందంటే, నిజంగానే విన్నానేమోనని ఆయనకే ఒక క్షణం అనిపించింది. రెండో విడతా అలాగే గడిచింది.

మూడో విడతకు వాన బలిసింది. పంప్‌హౌస్‌ను పిలిచాడు. ఖర్రు మొదలైంది, ఆగలేదు. మామూలుగా ఉందని చెప్పడానికి అంతసేపు పట్టదు. మధ్యలో గొంతు ఒకటి రెండుసార్లు పైకి లేచింది, హాస్యమాడినప్పుడు లేచినట్టే.

"పంప్‌హౌస్, ఫైవ్ నైన్. అలాగే. అక్కడే ఉండు" అన్నాడు.

వెంటనే ఇంకో గొంతు అడ్డొచ్చింది. "బ్రేక్, బ్రేక్. కంట్రోల్, కొండ బడి."

బ్రేక్ అంటే వంతు కాకపోయినా మాట్లాడాల్సినంత అవసరముందని. దానికి దారివ్వడం కంట్రోల్ నేర్చుకునే మొదటి పాఠం. కొత్తగా చేరినవాళ్ళందరికీ ఈయనే బల్ల గుద్ది మరీ నేర్పాడు. ఆ గొంతు ఎవరిదో, ఏం చెప్పబోతోందో తెలియగానే ఆయన వేలు బొత్తాం మీద పడింది.

"కొండ బడి, మీ వంతు వచ్చినప్పుడు చెప్పండి. వంతెన, మీరు చెప్పండి."

డ్రైవరు చెప్పాడు. కాంపౌండరు చెప్పాడు. వాళ్ళేం చెప్పారో ఆయన చెవికెక్కలేదు. గదిలో అందరూ ఆయన వైపే చూస్తున్నారనిపించింది, నిజానికి ఎవరూ చూడటం లేదు. పిలవకుండానే మళ్ళీ ఖర్రుమంది. పిలవనిదే నోరెత్తని మనిషి బావమరిది. బావ నెట్‌లో క్రమశిక్షణ తప్పకూడదని తన భార్యకు కూడా చెప్పే మనిషి. వాడు వంతు తప్పి పిలుస్తున్నాడంటే వాడికి ప్రాణం మీదికొచ్చిందన్నమాట.

అప్పుడు ఆయనకు సిగ్గేసింది. అంతకుముందు వేసింది సిగ్గు కాదు, పరువు పోతుందన్న భయం. ఇది వేరు. తలకాయంత మైకు పట్టుకుని ఊరిని ఏలుతున్నాననుకున్న మనిషి, ఒక టీచరు నోరు నొక్కి, ఒక పంపు ఆపరేటరు ప్రాణం మీద కూర్చున్నాడు. ఆయన బొత్తాం నొక్కాడు.

"అన్ని స్టేషన్లకూ కంట్రోల్" అన్నాడు. "పంప్‌హౌస్ మాట నాకు వినిపించడం లేదు. ఎవరికి వినిపిస్తోందో వాళ్ళు చెప్పండి."

వెనక ఇంజినీరు కుర్చీ చప్పుడైంది.

"కంట్రోల్, కొండ బడి. నాకు వినిపిస్తోంది. అందించమంటారా?"

"అందించండి."

ఒకరి మాట వినపడనప్పుడు మధ్యలోవాళ్ళు విని చెప్పడానికి ఒక పద్ధతుంది. సొంత కవిత్వం కలపకూడదు, మాట తగ్గించకూడదు, వాళ్ళన్నది వాళ్ళన్నట్టే చెప్పాలి. టీచరు అలాగే చెప్పింది. ఎప్పుడూ సార్ అని తప్ప పిలవని మనిషి, తన సన్నటి గొంతుతో బావమరిది మాటలు మాట్లాడింది.

"'గేట్లు రెండూ పూర్తిగా ఎత్తేశాను. ఇక్కడ ఇంక నేను చెయ్యాల్సిందేం లేదు. గట్టు మీదికి వెళ్ళిపోనా అని ఇందాక అడిగితే అక్కడే ఉండమన్నావు. ఉన్నాను బావా. ఇప్పుడు గట్టుకి దారి లేదు, మెట్లు మునిగిపోయాయి. పైకెక్కుతూ జారిపడ్డాను, కాలు విరిగినట్టుంది, ఆనించలేకపోతున్నాను. మా ఆవిడ పుట్టింటికెళ్ళింది, పై గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. నీళ్ళింకా ఎక్కుతున్నాయి.'"

ఇంజినీరు పరుగున వచ్చి బల్ల మీదికి వంగాడు. "ఫైవ్ నైన్ అన్నారు కదండీ" అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "ఆసుపత్రి స్టేషనుకి చెప్పండి, ఫైర్ వాళ్ళని పడవతో తిప్పి పంపమనండి. అటునుంచి రావాలంటే ఎంతసేపవుతుందో."

కంట్రోల్ చెప్పాడు. కాంపౌండరు సరేనన్నాడు. మొదటిసారి అడిగినప్పుడే వదిలేసి ఉంటే వాడు పొడికాళ్ళతో నడిచొచ్చేవాడు. ఆ లెక్క గదిలో అందరూ వేసుకున్నారు, ఎవరూ పైకనలేదు.

"పంప్‌హౌస్, కంట్రోల్" అన్నాడు ఆయన. "పడవ బయల్దేరింది. పైకప్పు మీదికి ఎక్కగలిగితే ఎక్కు. ఇందాక నువ్వడిగింది నాకు వినిపించలేదు. తప్పు నాది."

ఖర్రుమంది. టీచరు అందించింది. "'ఇందాక ఒక్కసారేనా బావా? ఎప్పుడూ అంతేనా?'"

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆ పూట ఆయన పెదవి దాటిన మాట ఎటెటు పోతుందో ఆయనకు బాగా తెలుసు. వంతెన దగ్గర డ్రైవరు వింటున్నాడు, ఆసుపత్రిలో కాంపౌండరు, అతని చుట్టూ మూగినవాళ్ళూ వింటున్నారు, వెనక ఇంజినీరు వింటున్నాడు. వంటింటి కిటికీలో బ్యాటరీ మీద నడిచే రిసీవరు దగ్గర భార్య వింటోంది, కొండ మీది గొంతు దానికీ అందుతుంది. సెట్టులో ఏదో తేడా చేసిందని ఒక్క మాటంటే గట్టెక్కేవాడు. బావమరిది ఆ మాటా నమ్మేవాడు. వాడు ఎప్పుడూ నమ్ముతూనే వచ్చాడు.

"ఎప్పుడూ అంతే" అన్నాడు కంట్రోల్. "ఒక్క వారం కూడా నీ మాట నాకు అర్థం కాలేదు. నీకిచ్చేటప్పటికే ఆ సెట్టు పాడు. నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను."

ఈసారి ఖర్రు రావడానికి కాస్త ఆలస్యమైంది. వచ్చింది, ఆగింది. టీచరు మాత్రం మాట్లాడలేదు.

"కొండ బడి, అందించండి."

"సార్, ఇది ఇంటి విషయం. అందరూ వింటుంటే చెప్పమంటారా?"

ఇంటి వ్యవహారమని ఆవిడ నోరు మూయించింది తనే. "అన్నది అన్నట్టు చెప్పండమ్మా."

"'మరి కిందటేడు నా భార్యకి ఆపరేషనన్నప్పుడు చెప్పాను కదా బావా. గురువారం ఆపరేషను, నాకు భయంగా ఉంది, అక్కని పంపించు అన్నాను. అలాగే, తప్పకుండా అన్నావు. అదీ వినలేదా నువ్వు? మేం ఆసుపత్రి గుమ్మం వైపు చూస్తూనే ఉన్నాం. ఏడాది నుంచి అక్క మీద కోపం పెట్టుకున్నాను నేను.'" టీచరు ఇక తన మాటగా అంది. "అంతే సార్."

ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఆపరేషను సంగతి ఇంట్లో నెల తరవాత ఎవరో చెబితే తెలిసింది. నా తమ్ముడు, నా చేతుల్లో పెరిగినవాడు, నాకొక్క మాట చెప్పలేదే అని భార్య ఎన్ని రాత్రులు ఏడ్చిందో. పెళ్ళయ్యాక అంతే, అక్కలు పరాయివాళ్ళవుతారని ఆయనే ఓదార్చాడు. ఓదార్చి అటు తిరిగి పడుకుని హాయిగా నిద్రపోయాడు. అక్క రాలేదని తమ్ముడు, తమ్ముడు చెప్పలేదని అక్క, నోరు తెరిచి అడిగితే చిన్నతనమని ఇద్దరూ బిగుసుకుపోయారు. మధ్యలో ఉన్న స్టేషను ఒక్కటే, అది తను.

"వినలేదు" అన్నాడు మైకులో. "అక్కకి తెలియదు. ఆవిడ తప్పేం లేదు."

ఆ తరవాత నెట్ నడపడం ఆయన వల్ల కాలేదు. "కొండ బడి, నెట్ మీరు తీసుకోండి" అన్నాడు. టీచరు ఒక్క క్షణం కూడా సందేహించలేదు. "అన్ని స్టేషన్లకూ, ఇప్పటినుంచి కొండ బడి కంట్రోల్" అంది. మొదట పిలిచింది పంప్‌హౌస్‌నే. ఆవిడ వాడికిచ్చిన మార్కులు విని గదిలో ఒకరిద్దరు తలెత్తారు. "పంప్‌హౌస్, మీ సిగ్నల్ టూ వన్. చాలా బలహీనం. ఒక్కో మాటా రెండేసిసార్లు చెప్పండి, నేను వింటున్నాను."

పడవ చేరేదాకా ఆయన కుక్కిన పేనులా కుర్చీలో కూర్చున్నాడు. పైకప్పు మీద నుంచి దించారని, స్పృహలో ఉన్నాడని, కాలు మోకాలి కింద విరిగిందని, ఆసుపత్రికి తెస్తున్నారని ఒక్కొక్కటే తెలిశాయి. ఇంజినీరు సెట్టును తన మనిషి వైపు జరిపించుకున్నాడు. మీరిక వెళ్ళచ్చు అని నోటితో అనలేదు, అనాల్సిన అవసరమూ రాలేదు. మెట్లు దిగుతుంటే గుమాస్తాలు పక్కకు తప్పుకుని దారిచ్చారు. ఎప్పుడూ ఇచ్చే దారే. ఆయనకే ఆ పూట మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంటికెళ్ళేసరికి వీధి తలుపు తెరిచే ఉంది. వంటింట్లో రిసీవరు కట్టేసి ఉంది. తరిగిన కూర తరిగినట్టే కత్తిపీట పక్కన ఉంది. భార్య ఒక సంచిలో దుప్పటి, తువ్వాళ్ళు, ఆయన చొక్కాలు రెండు సర్దుతోంది. తమ్ముడికీ ఆయనకూ ఒకే కొలత.

"దించేశారు. కాలు విరిగింది, అంతకుమించి భయం లేదు" అన్నాడు.

"విన్నాను" అంది. తలెత్తలేదు. తువ్వాలు మడత సరిగా రాలేదని విప్పి మళ్ళీ మడిచింది. "ఆ ఆదివారం నేను అడిగాను మిమ్మల్ని. తప్పకుండా అంటున్నారు, వాడేమంటున్నాడండీ అని ఇక్కడినుంచే కేకేశాను. మామూలే అన్నారు."

ఆయనకు ఆ ఆదివారం గుర్తు కూడా లేదు. అన్ని ఆదివారాలూ ఒకటే ఆయనకు.

ఏడుస్తుందనుకున్నాడు, అరుస్తుందనుకున్నాడు. రెండిటికీ సిద్ధపడే వచ్చాడు. ఆమె సంచి మూతి ముడేసి, అప్పుడు ఆయన మొహంలోకి చూసింది.

"నేనూ రోజూ మీకేవో చెబుతుంటాను. మీరు ఊఁ కొడుతుంటారు. అదీ ఇదేనా?"

ఛ, అదేం మాట, అన్న జవాబు నోటి చివరే ఉంది. ఎంత దగ్గరగా ఉందంటే, అనకుండా ఉండటానికి ఆయన పళ్ళు బిగపట్టాల్సి వచ్చింది.

"చాలాసార్లు ఇదే" అన్నాడు.

ఆమె సంచి ఎత్తుకుంది. ఆయన అందుకోబోతే ఇవ్వలేదు.

"ఏయే మాటలు వినలేదో మీకు తెలిసే దారి కూడా లేదు" అంది. "వాటిల్లో మళ్ళీ చెప్పలేనివి కొన్ని ఉన్నాయి."

ఆ కొన్ని ఏమిటో అడగడానికి ఆయనకు ముఖం చెల్లలేదు. ఆమె చెప్పులేసుకుని వానలోకి దిగింది. ఆయన తలుపు దగ్గరికి లాగి, గొడుగు పట్టుకుని వెనకే నడిచాడు.